మొసుకె గారి ఫొటోకు అనుమతి

యజమాని లేని జంతువు ప్రపంచంలో ఎక్కడైనా ఉండవచ్చు గాని, శాఖ లేని జంతువు మాత్రం మా కుమాసె పట్టణంలో లేదు. అడవిపంది వ్యవసాయ శాఖది. ఎలుగుబంటి ప్రజాభద్రత శాఖది. కాకి చెత్త శాఖది (కాకి కూడా అలాగే అనుకుంటుంది). మీటరు పొడవుండి, రాయికీ కప్పకూ మధ్య ఎక్కడో ఆగిపోయినట్టుండే మా కొండవాగుల పెద్ద సాలమాండర్ మాత్రం విద్యామండలిలోని సాంస్కృతిక సంపద విభాగానిది. ఆ విభాగం ఆధీనంలో ఇంకో రెండున్నాయి: ఆరువందల ఏళ్ళ నాటి కంచు గంట, సగం కాలిపోయిన గుడి ద్వారం. చట్టం దృష్టిలో ఈ మూడూ ఒకటే. తాకరాదు, కదల్చరాదు, రంగు వేయరాదు. గంటా ద్వారమూ ఇంతవరకు ఏ నిబంధననూ ఉల్లంఘించలేదు. సాలమాండరే అప్పుడప్పుడూ తనంతట తాను కదులుతూ ఉంటుంది. ఆ సంగతి మేం చూసీ చూడనట్టు వదిలేస్తాం.

మేం అంటే ముఖ్యంగా నేను. నా పేరు నిషిగోరి. పంతొమ్మిదేళ్ళుగా ఆ విభాగంలో గుమాస్తాను. నా పని ముద్ర వేయడం. అదెంత పని అనుకునేరు. మా ఆఫీసు కాగితం ప్రతిదాని కిందా వరసగా ఐదు గళ్ళుంటాయి. కుడి చివరి గడి నాది, నా పక్కది మా అధికారిది, అలా ఎదుగుతూ పోయి ఎడమ చివరిది మేయరు గారిది. కిందివాడు తన ముద్రను నిటారుగా వేయకూడదు. పైవాడి గడి వైపు కాస్త వంచి వేయాలి, ముద్రే వంగి దండం పెడుతున్నట్టు. ఎంత వంచాలో ఎక్కడా రాసి లేదు. రాసి లేదు గనకే అందరూ తు.చ. తప్పకుండా పాటిస్తారు. నా వంపు పదిహేను డిగ్రీలు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉత్సాహం కొద్దీ ముప్పై దాకా వంచేవాడిని. చూడ్డానికి కాళ్ళ మీద పడ్డట్టుందని పెద్దలే లేవనెత్తారు.

పోయిన జూలైలో, బడికి వేసవి సెలవులిచ్చిన మర్నాడే, మా కౌంటరు దగ్గరికి ఒక అమ్మాయి వచ్చింది. పేరు సుజునొ, పదమూడేళ్ళు. కజియా వాగు ఒడ్డున ఉండే కికుయె బామ్మ మనవరాలు. మెడలో, నీళ్ళలో పడ్డా పాడవని చిన్న కెమెరా వేలాడుతోంది. మా పిల్లలకు సెలవులంటే ఆటలు కావు. ఏదో ఒకటి సొంతంగా పరిశోధించి సెప్టెంబరు ఒకటిన బడికి పట్టుకెళ్ళాలి. చాలామంది చిక్కుడు గింజ మొలకెత్తించి ఊరుకుంటారు.

"బాబాయ్ గారూ, కజియా వాగులో సాలమాండర్ ఫొటోలు తీసుకోవచ్చా? నా ప్రాజెక్టుకి" అంది.

అక్కడే పాపం పప్పులో కాలేసింది. ఫొటో గురించి మా దగ్గర ఏ నిబంధనా లేదు. జంతువును తాకకుండా, రాళ్ళు ఎత్తకుండా, ఒడ్డున నిలబడి ఎవరైనా తీసుకోవచ్చు. పై ఊళ్ళవాళ్ళు కార్లలో వచ్చి ఏటా తీసుకుపోతూనే ఉన్నారు. వాళ్ళు అడగరు గనక మేం కాదనలేం. ఈ పిల్ల అడిగింది. అడగడం మావాళ్ళకు పుట్టుకతో వచ్చిన జబ్బు. పక్కింటి కాకి పండు (కాకికీ దానికీ సంబంధం లేదు, టొమాటోలా ఉండే తియ్యని పండు) గోడ దాటి మన పెరట్లో రాలినా, రెండుసార్లు అడిగి, మూడోసారి క్షమాపణ చెప్పుకుని గాని నోట్లో పెట్టుకోం.

"తీసుకో తల్లీ" అనాలి నేను. నోటి చివరి దాకా వచ్చింది కూడా. ఇంతలో వెనక బల్ల మీద నుంచి మా విభాగాధిపతి ముకాయిదా గారు దగ్గారు. ఆయన చెడ్డవాడు కాడు. ఉద్యోగ విరమణకు ఇంకా రెండేళ్ళుంది, ఈ రెండేళ్ళూ ఏమీ జరగకుండా ఉంటే చాలునని ఆయన కోరిక. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆయన ఏమీ జరగనివ్వలేదు.

"దీనికి నిబంధన ఏముంది, నిషిగోరీ?"

"లేదు సార్."

"లేదా?" ఆయన మొహం పాలిపోయింది. "అంటే ఇన్నాళ్ళూ జనం ఊరికే... తీసేసుకుంటున్నారా?"

"తీసేసుకుంటున్నారు సార్."

"సరే, జరిగిందేదో మనకి తెలియదు. ఈ అమ్మాయితో మొదలుపెడదాం."

మధ్యాహ్నానికల్లా ఏడో నంబరు ఫారం పుట్టింది. దాని పేరు 'సజీవ సాంస్కృతిక సంపద దృశ్యగ్రహణానికి ముందస్తు సంప్రదింపు పత్రం'. ఇది అనుమతి కోరే పత్రం కాదు. అనుమతి కోరవచ్చా అని అడిగే పత్రం. తొందరలో గుడి ద్వారం ఫారం చూసి తయారుచేశాం గనక అందులో 'పైకప్పు స్థితి', 'నిర్మాణ కాలం', 'చెదలు పట్టిన భాగాలు' అనే గళ్ళు అలాగే ఉండిపోయాయి. సుజునొ పళ్ళ బిగువున అన్నీ నింపింది. పైకప్పు: తడిగా ఉంటుంది. నిర్మాణ కాలం: బామ్మ పెళ్ళికి ముందే. చెదలు: లేవనుకుంటున్నాను. చివరి గడి దగ్గర మాత్రం ఆగిపోయింది. 'ఫొటో తీయదలచిన వస్తువు ఇటీవలి ఫొటో ఒకటి ఇక్కడ అతికించాలి' అని ఉంది.

"ఫొటో తియ్యడానికే కదా బాబాయ్ గారూ ఈ ఫారం. ఫొటో ఎక్కణ్ణుంచి తేను?"

ప్రశ్న సబబైనదే. ముకాయిదా గారు దాని మీద పది రోజులు ఆలోచించి, చేత్తో గీసిన బొమ్మ అయినా చెల్లుతుందని ఉదారంగా ప్రకటించారు. ఆ పిల్ల గీసి తెచ్చింది. ముమ్మూర్తులా సాలమాండరే. అంటే ముమ్మూర్తులా రాయే. ముకాయిదా గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో తల ఎటుంది?" అని నన్ను మెల్లగా అడిగారు.

పక్క శాఖ ప్రస్తావన వచ్చిన కాగితాన్ని పక్క శాఖకు చూపించకుండా ముందుకు పంపడం మా దగ్గర మర్యాద కాదు. వాగు పేరుంది గనక బొమ్మ నదుల శాఖకు వెళ్ళింది. వారం తర్వాత జవాబు వచ్చింది: కజియా వాగులో సాలమాండర్ ఉనికి నిర్ధారణ కాలేదు, లేని జంతువు ఫొటోపై ఈ శాఖకు అభ్యంతరం లేదు. (వాళ్ళు జనవరి నెలలో ఒక మధ్యాహ్నం, భోజనానికీ టీకీ మధ్య, వాగును సర్వే చేశారు. ఆ చలిలో సాలమాండర్‌కూ బయటికి రాబుద్ధి కాలేదు, సర్వే అధికారికీ కారు దిగబుద్ధి కాలేదు.)

ఆ జవాబు చదివి వినిపించాక సుజునొ అసలు సంగతి చెప్పింది.

"నవంబర్లో వాగుకి రెండు వైపులా కాంక్రీటు గోడలు కడతారట. మా పొలం కింద ఉన్న అడ్డుకట్ట ఇంకో మీటరు ఎత్తు లేపుతారట. దాని కిందే బొరియ ఉంది బాబాయ్ గారూ, ఏటా అందులోనే గుడ్లు పెడతాయి. గోడ కట్టేస్తే బొరియ మూసుకుపోతుంది. జంతువు ఉందని రుజువుంటే పని ఆపాలట. ఆగస్టు ముప్పై ఒకటి లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చని నోటీసులో ఉంది. అందుకే ఫొటో."

"మరి మొదటే చెప్పలేదేం?"

"మీరు అడగలేదు కదా" అంది. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. ఫారంలో అలాంటి గడి లేదని ఆ పిల్ల ఉద్దేశం.

అప్పటికి మధ్యలో పితృదేవతల పండుగ వారం ఒకటి వచ్చిపోయింది. చచ్చిపోయినవాళ్ళందరూ సెలవు తీసుకుని ఇళ్ళకొచ్చే ఆ వారంలో బతికున్న గుమాస్తాలు పని చేయడం భావ్యం కాదు. అలా ఆగస్టు ఇరవై మూడుకు గాని నాకు వాగు దగ్గరికి వెళ్ళమని ఆదేశం రాలేదు. ఆదేశం స్పష్టంగా ఉంది: ఫొటో దరఖాస్తు పరిశీలనలో ఉంది గనక దరఖాస్తుదారు సాలమాండర్‌ను వెతకవచ్చు, చూడవచ్చు, కాని కెమెరా మీట నొక్కరాదు. పర్యవేక్షణకు ఒక అధికారి హాజరు కావాలి. ఆఫీసు కెమెరాతో నేనే ఒక ఫొటో తీస్తే పోతుంది కదా అని మీకనిపించవచ్చు. ఆఫీసు కెమెరా బయటికి తీయాలంటే ఐదు ముద్రలు కావాలి. అది చివరిసారి బయటికి వచ్చింది గుడి ద్వారం కాలకముందు.

ముందు రోజు వాన పడి వాగు కొంచెం పొంగింది. ఆ రోజుల్లో సాలమాండర్లు బొరియ వెతుక్కుంటూ నీటికి ఎదురు నడుస్తాయి, పట్టపగలు కూడా కనిపిస్తాయి. నేను చేతికి 'పర్యవేక్షకుడు' అన్న పట్టీ కట్టుకుని, రబ్బరు బూట్లు తొడుక్కుని, మెడకు టై బిగించుకుని వెళ్ళాను. సుజునొ అప్పటికే నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చుని, అడుగున అద్దం బిగించిన చెక్కపెట్టెను నీటి మీద ఆనించి, అందులోంచి వాగు అడుగును జానెడు జానెడు చూసుకుంటూ పోతోంది. మా తాతల కాలం నుంచి చేపలు వెతికే పెట్టె అది. రాయి ఎత్తకుండా రాయి కిందకు చూడటానికి అంతకంటే మంచి సాధనం లేదు.

కికుయె బామ్మ బార్లీ టీ, దోసకాయ ఊరగాయ పట్టుకుని గట్టు మీద నిలబడింది.

"ఏమయ్యా ఆఫీసరూ, వాగులోకి టై కట్టుకొచ్చావ్! ఏం, పెళ్ళిచూపులా?"

"డ్యూటీ, బామ్మా."

"ఈ వాగులోనే నువ్వు ఏడేళ్ళప్పుడు ఒంటి మీద నూలుపోగు లేకుండా దూకేవాడివి. అప్పుడు నీకెవరయ్యా పర్యవేక్షకుడు? ఒకసారి హన్జాకి తోక తొక్కి, కెవ్వుమని మా ఇంట్లోకి పరిగెత్తుకొచ్చావ్, గుర్తుందా? వేలు కొరికేసిందని ఏడుపు. చూస్తే అన్ని వేళ్ళూ ఉన్నాయ్!" హన్జాకి అంటే మా పాతవాళ్ళు సాలమాండర్‌కు పెట్టుకున్న పేరు.

"బామ్మా, నేను డ్యూటీలో ఉన్నాను."

"ఉండవయ్యా, ఎవరొద్దన్నారు? డ్యూటీలో ఉండి ఊరగాయ తిను."

తిన్నాను. గంటన్నర అలా గడిచింది. నేను అడ్డుకట్ట పక్కనున్న ఒక మంచి రాయి మీద చూపు ఆనించి, దానిలా కదలకుండా కూర్చోగలిగితే ఉద్యోగంలో ఎంత పైకి వెళ్ళేవాడినో అనుకుంటున్నాను. ఆ రాయి కదిలింది.

"వచ్చారు!" అంది సుజునొ గొంతు తగ్గించి.

మీటరుకు పైనే ఉంటుంది. ఇంత వెడల్పు తల, దాని మీద ఆవగింజల్లాంటి కళ్ళు, పక్కలకు వేలాడుతున్న చర్మం. ముందరి కాలికి నాలుగు వేళ్ళుండాలి, ఎడమ కాలికి మూడే ఉన్నాయి. తీరిగ్గా అడ్డుకట్ట దగ్గరికి వచ్చింది, ముందరి కాళ్ళు సిమెంటు మీద ఆనించింది, సగం ఎక్కింది, జారి నీళ్ళలో పడింది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ పడింది. కోపం గాని తొందర గాని లేవు. సుజునొ నోటుపుస్తకంలో గీతలు పెడుతూ లెక్క రాస్తోంది. పదకొండోసారి పడ్డప్పుడు నేను ఊరగాయ నమలడం మానేశాను.

"ఇంకా చూస్తావేంటే, తియ్యి!" అంది బామ్మ. "ఈయన అటు తిరుగుతాడు. తిరగవయ్యా!"

తిరిగాను. పంతొమ్మిదేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి ఆదేశానికి వీపు చూపించి, ఎదురుగా ఉన్న కొండను శ్రద్ధగా పర్యవేక్షించాను. కెమెరా చప్పుడు కోసం చెవులు రిక్కించాను. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. పన్నెండోసారి పడ్డ చప్పుడు వినిపించింది.

"తీశావా?" అన్నాను, కొండతోనే.

"లేదు బాబాయ్ గారూ. బడిలో ఇచ్చే కాగితంలో అనుమతి నంబరు రాయాలి. లేని నంబరు ఎలా రాస్తాను?"

తిరిగి చూస్తే ఆ పిల్ల నడుముల్లోతు నీళ్ళలో నిలబడి ఉంది. చేతిలో కెమెరా, కెమెరా మీట మీద వేలు, రెండు బారల దూరంలో సాలమాండర్. వేలు మాత్రం కదలడం లేదు. తర్వాత కెమెరా మెడలోకి వదిలేసి, పెన్సిలు తీసి బొమ్మ గీసుకుంది. నాకు సిగ్గేసింది. ఇందులో వ్యంగ్యమేమీ లేదు, నిజంగానే సిగ్గేసింది.

ఆ సిగ్గుతోనే ఆఫీసుకొచ్చి, 'ఒక సాలమాండర్ ప్రత్యక్షంగా కనిపించింది, ఎడమ ముందరి కాలికి మూడు వేళ్ళు' అని నివేదిక రాశాను. అది చదవగానే ముకాయిదా గారు కుర్చీలోంచి లేచారు.

"మూడు వేళ్ళా? అయితే అది మొసుకె గారు!"

నేను మరిచేపోయాను. మూడేళ్ళ కిందట మా పట్టణ జనాభా రెండువేల తొమ్మిదివందల తొంభై తొమ్మిదికి దిగింది. మూడు వేల కంటే తగ్గితే పరువేం కాను అని మేయరు గారు కుమిలిపోయి, ఒక సాలమాండర్‌కు 'ప్రత్యేక నివాస ధ్రువపత్రం' ఇచ్చారు. పండుగ రోజు బాజాలు మోగాయి. పేరు మొసుకె, వృత్తి చేపలు పట్టడం, గుర్తింపు చిహ్నం ఎడమ ముందరి కాలికి మూడు వేళ్ళు. ఊరి మొదట్లో ఉన్న బోర్డు మీద ఇప్పటికీ 'జనాభా 3,000' అనే ఉంటుంది. తర్వాత పోయినవాళ్ళ సంగతి బోర్డుకు చెప్పలేదు.

"ఆయన నివాసి కదా, నిషిగోరీ. నివాసి ఫొటో తీయాలంటే ఏం కావాలి?"

"నివాసి సమ్మతి సార్."

"రాతపూర్వకంగా. కింద ముద్రతో."

"ఆయనకి ముద్ర లేదు సార్."

"ముద్ర లేనివాళ్ళు వేలిముద్ర వెయ్యొచ్చు. నిబంధన ఉంది." ఆ మాటతో ఆయన మొహం ఒక్క క్షణం వెలిగి, మళ్ళీ ఆరిపోయింది. "కాని వేలిముద్ర తీసుకోవాలంటే ఆయన్ని పట్టుకోవాలి. పట్టుకుంటే జైలు."

మా విభాగం చరిత్రలో ఇంత పకడ్బందీ అయిన కాగితం ఇంకొకటి లేదు. ఆ సంగతి ఆయనా గ్రహించారు, కళ్ళు చెమ్మగిల్లాయి కూడా.

ఇరవై తొమ్మిదో తారీఖున ఈ నిర్ణయాన్ని సుజునొకు చదివి వినిపించే బాధ్యత నామీద పడింది. ఏడుస్తుందేమోనని ముందే కాగితపు రుమాలు దగ్గర పెట్టుకున్నాను. ఏడవలేదు. చివరి దాకా విని, చెయ్యి ఎత్తి, బళ్ళో అడిగినట్టు అడిగింది.

"మొసుకె గారి చిరునామా ఏమని రాసి ఉంది బాబాయ్ గారూ?"

"అది ఆయన సొంత విషయం తల్లీ. చెప్పకూడదు. ఆయన కుటుంబంవాళ్ళు అడిగితే తప్ప నివాస పత్రం ఎవరికీ ఇవ్వరు."

"కుటుంబం అంటే?"

"ఒకే ఇంటి కింద నమోదైనవాళ్ళు."

"ఆయన ఏ ఇంటి కింద నమోదయ్యారో అడగొచ్చా?"

"ఆ కుటుంబంవాళ్ళయితే అడగొచ్చు" అన్నాను. ఆ మాట అంటూనే మొసుకె గారి నమోదు కాగితం గుర్తొచ్చింది. అడ్డుకట్ట కింది బొరియకు ఇంటి నంబరు లేదు. మూడేళ్ళ కిందట నివాసుల శాఖలో కూర్చున్నామె గళ్ళు ఖాళీ వదలడం ఇష్టంలేక, దగ్గర్లోని ఇంటి కిందే రాసేసింది. నేనూ ఆ కాగితం మీద ముద్ర వేశాను, పదిహేను డిగ్రీల వంపుతో.

సుజునొ నా మొహం ఒకసారి చూసి, నివాసుల శాఖ కౌంటరుకు వెళ్ళి, తమ ఇంట్లో ఉన్నవాళ్ళందరి నివాస పత్రం ఒక ప్రతి ఇప్పించమని కోరింది. అది ప్రతి పౌరుడికీ ఉన్న హక్కు. ఐదు నిమిషాల్లో చేతిలో పెట్టారు. ఇంటి పెద్ద: కికుయె. మనవరాలు: సుజునొ. సహనివాసి: మొసుకె, సాలమాండర్. చిరునామా: కజియా వాగు, నాలుగో వార్డు, అడ్డుకట్ట కింద.

ఆగస్టు ముప్పై ఒకటిన నదుల శాఖకు ఒకే ఒక్క అభ్యంతరం అందింది. 'మీరు గోడ కట్టదలచిన స్థలంలో మా ఇంటి మనిషి ఒకరు ఉంటున్నారు. రుజువు జతపరచడమైనది' అని ఉంది. రుజువు మీద మేయరు గారి ముద్రే ఉంది. బామ్మ కింద ఇంకో వాక్యం కలిపింది: 'ఆయన అద్దె ఇవ్వడం లేదు గాని గొడవ చేసే రకం కాదు.'

ఇక్కడితో అంతా సుఖాంతమైందనుకుంటే మీరు ఏ ఆఫీసులోనూ పని చేసినవారు కారన్నమాట. ఒక శాఖ జంతువు లేదంటోంది, ఇంకో శాఖ దాని చిరునామా ఇస్తోంది. రెండు కాగితాలు పోట్లాడుకుంటే మేం వాగు దాకా వెళ్ళి చూడం, రెండింట్లో తేలికైన కాగితాన్ని మార్చేస్తాం. అక్టోబరు మొదటి వారంలో 'నివాస మార్పు పత్రం' ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. మొసుకె గారు కజియా వాగు వదిలి వెళ్ళిపోయారని, కొత్త చిరునామా దిగువ ప్రాంతమని, కారణం నిర్మాణ పనులని రాసి ఉంది. పద్నాలుగు రోజుల్లో ఆయన నుంచి అభ్యంతరం రాకపోతే ఒప్పుకున్నట్టే భావిస్తారట. మొసుకె గారు మా విభాగం సంపద గనక మొదటి ముద్ర నాది. అది పడితే మిగతా నాలుగు సాయంత్రానికల్లా పడతాయి, నవంబర్లో వాగులో యంత్రాలు దిగుతాయి.

ముద్ర చేతిలోకి తీసుకున్నాను. పన్నెండోసారి పడ్డ చప్పుడు గుర్తొచ్చింది. కాగితం మీద ఒత్తాను. ఎత్తి చూస్తే నిటారుగా పడింది, గుంజ పాతినట్టు.

ముకాయిదా గారు దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు.

"ఇదేమిటి, నిషిగోరీ?"

"ముద్ర సార్."

"నిలబడి ఉంది."

"అవున్సార్."

"ఎందుకు నిలబడింది?"

"తెలియదు సార్. చెయ్యి అలా పడింది."

"పైన ముగ్గురం మేయరు గారి వైపు వరసగా వంగి ఉంటాం. వెనక నువ్వొక్కడివే రొమ్ము విరుచుకుని నిలబడి ఉంటావు. మేయరు గారు చూస్తే మన విభాగం తిరగబడిందనుకోరూ?" ఆయన కాగితాన్ని బల్ల మీద బోర్లా పెట్టేశారు. "ఇది పైకి పంపలేను. కొత్త ఫారం మీద మళ్ళీ వెయ్యి."

వరస నంబరున్న ఫారాన్ని చించెయ్యడం కుదరదు. రద్దు పత్రం పెట్టాలి. రద్దుకు కారణం చెబుతూ నేను సంజాయిషీ రాయాలి. సంజాయిషీ కింద నా ముద్ర వేయాలి. అదీ నిటారుగానే పడింది. సంజాయిషీలో ముద్ర నిలబడ్డందుకు ఇంకో సంజాయిషీ రాశాను. డిసెంబరు నాటికి పద్నాలుగు సంజాయిషీలయ్యాయి, ఆ దస్త్రానికి సొంత అర ఒకటి కేటాయించారు. ముకాయిదా గారు ఒకసారి నా చెయ్యి పట్టుకుని వంచబోయారు గాని, మధ్యలోనే ఆగిపోయారు. ఒకరి ముద్రను ఇంకొకరు తాకరాదు, కదల్చరాదు. మా ఊళ్ళో ఆ రక్షణ గంటకు, గుడి ద్వారానికి, సాలమాండర్‌కు పోను నా ముద్రకే ఉంది.

"నీ చేతికేమన్నా జబ్బా? డాక్టరుకి చూపించుకో" అన్నారాయన ఫిబ్రవరిలో, నిజమైన ఆందోళనతో. డాక్టరు చూసి చెయ్యి బాగానే ఉందని ధ్రువపత్రం ఇచ్చాడు. ఆ ధ్రువపత్రం అందినట్టు నేను ముద్ర వేయాల్సి వచ్చింది.

మార్చి ముప్పై ఒకటి సాయంత్రం ఐదుంబావుకు ఆ ఏటి నిధుల గడువు ముగిసింది. కజియా వాగు పని రద్దయింది. నదుల శాఖ వార్షిక నివేదికలో ఒక వరస ఉంది: 'పని చేపట్టలేదు. కారణం: ముద్ర కోణం.' ఆ నివేదిక మొత్తంలో ఒక అమ్మాయి గురించి గాని, ఒక సాలమాండర్ గురించి గాని ఒక్క ముక్క లేదు. ఆ కాంక్రీటు ఈ ఏడు ఇంకో వాగుకు వెళుతోందని విన్నాను. అక్కడ ఎవరి ఇంటి కిందా సాలమాండర్లెవరూ నమోదై లేరు.

ఏప్రిల్ ఒకటిన నన్ను ఎలుగుబంట్ల విభాగానికి మార్చారు. శిక్ష అనే మాట ఎవరూ వాడలేదు. హాయిగా ఉంది. తాకవద్దని అక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు.

నా పాత బల్ల సర్దుతుంటే, ఆ రోజే ఆమోదం పొంది కిందికి దిగిన కవరు ఒకటి కనిపించింది. సుజునొ ఏడో నంబరు ఫారానికి జవాబు. అది ఎవరి చేతుల్లోనుంచి ఎలా దూరిందో తెలియదు గాని, బయటికి వచ్చింది. ఇచ్చేందుకు ఇంకెవరూ లేక నేనే పట్టుకెళ్ళాను. బామ్మ పొలం గట్టు సరిచేస్తోంది. సుజునొ అడ్డుకట్ట పక్కన వంపుగా రాళ్ళు పేరుస్తోంది, ఒక మీటరు పొడవు జంతువు ఎక్కడానికి వీలైనంత ఏటవాలుగా. (ఇందుకు నదుల శాఖ అనుమతి కావాలి. నేను ఎలుగుబంట్లవాడిని, నాకు కనిపించలేదు.)

"ప్రాజెక్టు ఏమైంది తల్లీ?" అన్నాను.

"బొమ్మలు బాగున్నాయన్నారు బాబాయ్ గారూ. ఫొటోలు లేవు గనక అసంపూర్ణం అని రాశారు."

"అయ్యో! ఆ పంతులు మొహానికి ఒక హన్జాకిని విసరాల్సింది" అంది బామ్మ.

సుజునొ చేతులు తుడుచుకుని, కవరును రెండు చేతులతోనూ అందుకుని, నడుము వంచి దండం పెట్టి విప్పింది. అనుమతి నంబరు ఒకటి. కింద ఐదు ముద్రలు. పోయిన ఆగస్టులో నేను వేసిన దానితో సహా నాలుగు, మేయరు గారి ముద్ర వైపు ఒకదాని వెనక ఒకటి ముచ్చటగా వంగి ఉన్నాయి. 'మీరు కోరిన ప్రకారం గత సంవత్సరం ఆగస్టు ఒకటి నుంచి ముప్పై ఒకటి వరకు ఫొటోలు తీసుకోవడానికి అనుమతించడమైనది. గడువు దాటిన తర్వాత తీసిన ఫొటోలు చెల్లవు.'

ఆ పిల్ల రెండుసార్లు చదివింది. మడతపెట్టి జేబులో పెట్టుకుంది. మళ్ళీ నీళ్ళలోకి దిగి, ఇంకో రాయి పేర్చి, అది ఊగుతుందేమో కాలితో నొక్కి చూసింది.

"ఆగస్టులో మొసుకె గారు మళ్ళీ వస్తారు కదా?"

"వస్తాడు. ఎక్కడికి పోతాడు, ఇక్కడివాడే కదా" అంది బామ్మ.

"అయితే ఈసారి అడగన్లెండి" అంది సుజునొ నాతో.

విద్యామండలిలో పంతొమ్మిదేళ్ళు పనిచేశాను. మా మండలి ఒక విద్యార్థికి ఏదైనా నేర్పగా కళ్ళారా చూడటం అదే మొదటిసారి.